రాసుకున్నాకే మీట నొక్కండి

మిర్యాలగూడలో ఒక పెళ్ళి రిసెప్షన్. స్టేజీ మీద కీబోర్డు నాది. పక్కన ప్యాడ్స్ వాయించే తమ్ముడు, ఓ క్లారినెట్ పెద్దాయన, ఇద్దరు గాయకులు. పాడే చెల్లెకు ఆ రోజు గొంతు పట్టేసింది. "అన్నా, స్కేలు జర దించు, పైకి అందుతలేదు" అంది. రెండు శ్రుతి నుంచి ఒకటికి దించాలి. నాకు అదేం పెద్ద పని కాదు. ట్రాన్స్‌పోజ్ మీట రెండుసార్లు నొక్కాను. ఎడమచేత్తో ఒక్క కార్డ్ పట్టుకోగానే డ్రమ్స్, బేస్, గిటార్, స్ట్రింగ్స్ అన్నీ దిగిన స్కేల్లోనే మొదలయ్యాయి. క్లారినెట్‌కు మాత్రం ఆ మీట లేదు. పెద్దాయన వేళ్ళు పాత స్కేల్లోనే వెళ్ళాయి. మొదటి బిట్టే చెడింది. ఆయన నా వైపు వంగి, "ఏ స్వరం నుంచి ఎత్తుకోవాలె బిడ్డా?" అని మెల్లగా అడిగారు. నేను చెప్పలేకపోయాను.

ఎన్నో ఏళ్ళుగా వాయిస్తున్న బిట్ అది. వేళ్ళకు తెలుసు, నాకు తెలియదు. తెలిసినవాడైతే నోటితో చెప్పగలడు, కాగితం మీద పెట్టగలడు, పక్కవాడికి అందించగలడు. నా దగ్గర ఉన్నది అలవాటు మాత్రమే. దాన్నే ఇన్నాళ్ళూ విద్య అనుకున్నాను.

త్రిపురారం తిరిగొచ్చేసరికి రాత్రి రెండు దాటింది. నిద్ర పట్టలేదు. మీట నొక్కితే పదిమంది వాయించినట్టు మోగే యంత్రం నా ముందే ఉంది. పక్కనే ఊపిరి బిగబట్టి ఊదే మనిషికి మాత్రం ఒక్క స్వరం సాయం చేయలేకపోయాను. మర్నాడు ఒక రూళ్ళ నోట్‌బుక్ కొన్నాను. కొన్ని నెలలకు పాత ల్యాప్‌టాప్‌లో మ్యూజ్‌స్కోర్ అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. చర్చిలోనో, భజన మండలిలోనో, ఆర్కెస్ట్రాలోనో కీబోర్డు ముందు కూర్చునే హాలియా తమ్ముళ్ళకూ, కోదాడ చెల్లెళ్ళకూ, సూర్యాపేట మిత్రులకూ చెప్పాలనుకుంటున్నది ఒక్కటే. యంత్రం చేత వాయించుకోండి, తప్పు లేదు. కానీ ముందు రాసుకోండి.

అడక్కుండా ఇచ్చేది, అడిగిందే ఇచ్చేది

కీబోర్డులో మనం 'స్టైల్' అని పిలుచుకునేది మాయ కాదు. ఎవరో ఒక సంగీతకారుడు ముందే వాయించి పెట్టిన కొన్ని బార్ల ముక్కలవి. ఇంట్రో, మెయిన్, ఫిల్, ఎండింగ్. యమహా పద్ధతిలో వీటిని మామూలుగా సి మేజర్ సెవెంత్ అనే ఒకే కార్డ్ మీద రికార్డు చేస్తారు. మనం ఎడమచేత్తో ఏ కార్డ్ పట్టుకుంటే దానికి తగ్గట్టు యంత్రం ఆ స్వరాలను పైకీ కిందికీ జరుపుతుంది. కంప్యూటర్లో ఇదే పనిని 1990లో కెనడాకు చెందిన పీజీ మ్యూజిక్ 'బ్యాండ్ ఇన్ ఎ బాక్స్' పేరుతో తెచ్చింది. కార్డ్‌ల పేర్లు టైప్ చేసి స్టైల్ ఎంచుకుంటే బేస్, డ్రమ్స్, పియానో, గిటార్ అన్నీ అదే వాయిస్తుంది. ఫోన్లో ఐరియల్ ప్రో అనే యాప్ కూడా ఇంచుమించు ఇదే పని చేస్తుంది.

నొటేషన్ సాఫ్ట్‌వేర్ తీరు వేరు. మ్యూజ్‌స్కోర్ తెరిస్తే ఖాళీ గీతలు కనిపిస్తాయి. మీరు పెట్టకపోతే అందులో ఒక్క స్వరం కూడా ఉండదు. పెట్టింది తప్పయితే ఆ తప్పునే వినిపిస్తుంది. మ్యూజ్‌స్కోర్‌ను ఉచితంగా దింపుకోవచ్చు. వెర్నర్ ష్వేర్ అనే జర్మన్ ప్రోగ్రామర్ 2002లో మొదలుపెట్టిన పని అది. ఇవాళ దాని నాలుగో తరం మన చేతిలో ఉంది.

స్టైల్ అడక్కుండానే ఇస్తుంది. నొటేషన్ అడిగిందే ఇస్తుంది. అడక్కుండా ఇచ్చేదానికే ముందు అలవాటుపడితే, కొన్నాళ్ళకు అసలు ఏం అడగాలో కూడా తెలియకుండా పోతుంది. నా విషయంలో జరిగింది అదే. ఇది సంగీతానికే పరిమితం కాదు. లెక్క వేసుకోకుండా క్యాలిక్యులేటర్ నొక్కే విద్యార్థికీ, పాఠం రాసుకోకుండా గైడు తెరిచే విద్యార్థికీ ఇదే జరుగుతుంది. మిర్యాలగూడ మిల్లు ఎంత కొత్తదైనా, పోసిన వడ్లను బట్టే బియ్యం వస్తాయి.

ఎట్టయపురంలో అచ్చయిన తెలుగు పుస్తకం

రాయడం మన సంప్రదాయం కాదు, గురుముఖంగా వినడమే మన పద్ధతి అని కొందరు పెద్దలు అంటారు. వినడం లేకుండా సంగీతం రాదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ రాయడం పరాయిది అంటే ఒప్పుకోను. 1904లో తమిళదేశంలోని ఎట్టయపురంలో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అచ్చయింది. అచ్చయింది తెలుగు లిపిలో. దాన్ని రాసిన సుబ్బరామ దీక్షితులు ముత్తుస్వామి దీక్షితుల కుటుంబీకుడు. ఇంటి సొత్తుగా వచ్చిన కీర్తనలను స్వరంతో, తాళంతో సహా వందల పేజీల్లో రాసిపెట్టారు. గమకాలకు ప్రత్యేకంగా గుర్తులు పెట్టారు. ఏ స్వరాన్ని ఊపాలో, దేన్ని జార్చాలో అచ్చులోనే చూపించారు.

ఆ పుస్తకం వెనక ఇంకో మనిషి పట్టుదల ఉంది. మద్రాసులో ఉద్యోగం చేస్తూ మన కీర్తనలను పాశ్చాత్య స్టాఫ్ నొటేషన్‌లోకి ఎక్కించడానికి 1890ల్లో తన సమయాన్నీ, డబ్బునూ, చివరికి కంటిచూపునూ ధారపోసిన చిన్నస్వామి ముదలియార్. ఆయన ప్రోద్బలం, ఎట్టయపురం సంస్థానం అండ తోడైతేనే దీక్షితులవారి కలం కదిలింది. ఒకరు ఐదు గీతల మీద రాశారు, ఇంకొకరు సరిగమల్లో రాశారు. దారులు వేరైనా, నోట్లో ఉన్నది పోకముందే కాగితం మీదికి రావాలన్న తపన ఒక్కటే. కంప్యూటర్ ముందు కూర్చుని రెండు బార్లు రాసి విసుగొచ్చినప్పుడల్లా నాకు చూపు మందగిస్తున్నా వదలని ముదలియార్ గుర్తొస్తారు. మళ్ళీ కూర్చుంటాను.

సినిమా సంగీతంలోనూ ఇదే సంగతి. ఇళయరాజా వాద్యబృందం కోసం స్వరాలను నేరుగా స్టాఫ్ నొటేషన్‌లో రాసిస్తారని ఆయనతో పనిచేసినవాళ్ళంతా చెబుతారు. కాగితం అందుకున్న వయొలిన్ కళాకారులు చూసి వాయిస్తారు. మనసులో అంత స్పష్టంగా ఉంటేనే అలా రాయగలరు. ఆ స్పష్టత మనకు ఒక్క పాటలో, ఒక్క బిట్‌లో వచ్చినా చాలు.

మోహనంలో మధ్యమం ఎక్కడిది?

రాయడం మొదలుపెట్టాక నాకు తగిలిన మొదటి దెబ్బ ఇది. మోహన రాగంలో ఓ భజన పాట రాసుకున్నాను. స రి గ ప ద. ఐదే స్వరాలు, మధ్యమం, నిషాదం లేవు. సి ని షడ్జంగా పెట్టుకుంటే సి మేజర్ కార్డ్ అంటే స గ ప. బాగుంది. కానీ కీబోర్డు నేర్చుకున్న ప్రతివాడికీ మూడు కార్డ్‌లు వేళ్ళకు అంటుకుని ఉంటాయి, సి, ఎఫ్, జి. ఎఫ్ మేజర్ అంటే మ ద స. జి మేజర్ అంటే ప ని రి. అంటే మోహనంలో లేని మధ్యమాన్నీ, నిషాదాన్నీ నా ఎడమచేయి ఏళ్ళ తరబడి నింపుతూ వచ్చింది. కుడిచేయి రాగం వాయిస్తుంటే ఎడమచేయి దాన్ని చెరిపేస్తోంది. చెవితో వింటున్నప్పుడు ఏదో నిండుగా ఉందనిపించిందే తప్ప ఈ సంగతి తట్టలేదు. స్వరాలు ఒక వరుసలో, కార్డ్‌లు పై వరుసలో రాసి చూశాకే కనిపించింది.

ఎ మైనర్ అంటే ద స గ. మూడూ మోహనానివే. కాబట్టి సి, ఎ మైనర్, అప్పుడప్పుడు ఉత్త స-ప. ఈ మూడింటితోనే ఆ పాట నిలబడింది. సినిమా స్వరకర్తలు మోహనంలోకి కావాలనే వేరే కార్డ్‌లు తెస్తారు, అందంగానూ తెస్తారు. అది తెలిసి చేసే పని. నేను చేసింది తెలియక. రెండూ ఒకటి కావు.

మాయామాళవగౌళలో చిక్కు ఇంకా లోతుగా ఉంటుంది. సరళీస్వరాలు నేర్చుకునే ఆ రాగంలో రిషభం, ధైవతం రెండూ శుద్ధ స్వరాలు, సి షడ్జమైతే డి ఫ్లాట్, ఎ ఫ్లాట్. సి మేజర్ కార్డ్‌తో మీరు సరిగ్గానే మొదలుపెడతారు. కానీ స్టైల్ రాసినవాడు బేస్‌ను నడిపించడానికి మధ్యలో మామూలు డి, మామూలు ఎ వాడి ఉంటాడు. సి మేజర్‌లో అవి ఒద్దికైన స్వరాలే. మన రాగంలో మాత్రం చతుశ్రుతి రిషభం వచ్చి శుద్ధ రిషభాన్ని ఒరుసుకుంటూ పోతుంది. మీరు పట్టిన కార్డ్ తప్పు కాదు, మీరు పాడింది తప్పు కాదు, అయినా పాట గీరుకుపోతుంది. చాలామంది కొత్త పిల్లలు అక్కడ తమ గొంతునే అనుమానిస్తారు. "నాకు శ్రుతి నిలవదు" అనుకుని వదిలేస్తారు. అలా వదిలేసిన పిల్లల్ని తలచుకుంటే బాధేస్తుంది. స్టైల్‌లో బేస్, ఫ్రేజ్ భాగాలు ఆపేసి డ్రమ్స్ మాత్రమే ఉంచండి. లేదా ఎడమచేత్తో పూర్తి కార్డ్ పట్టకుండా షడ్జ పంచమాలు రెండే నొక్కండి. యమహా కీబోర్డులు దీన్ని 1+5 గా గుర్తించి ఆ రెండు స్వరాల మీదే నడుస్తాయి. కాల్వ నిండా నీళ్ళున్నా మన మడికి ఎంత కావాలో అంతే తూము ఎత్తుతాం కదా.

ఈ లెక్కన చూస్తే మన ఇళ్ళలో ఉన్న శ్రుతిపెట్టె, తాళం చూపే చిన్న పెట్టెలే అన్నిటికన్నా మంచి పక్కవాద్యాలు. బెంగళూరు ఇంజినీరు, వేణుగాన విద్వాంసుడు జి. రాజ్‌నారాయణ్ స్థాపించిన రాడెల్ సంస్థ అలాంటి ఎలక్ట్రానిక్ పెట్టెలను ఊరూరికీ చేర్చింది. అవి మన బదులు ఏదీ నిర్ణయించవు. షడ్జం ఇస్తాయి, లయ ఇస్తాయి, మిగతాది మనకు వదిలేస్తాయి. ఏ పెద్ద సాఫ్ట్‌వేర్ వాడుతున్నా దాన్ని ఆ హద్దులో ఉంచగలగడమే నేర్పు.

పుస్తకంలో చాపు, కీబోర్డులో నాలుగు

మా వైపు పల్లె చర్చిల్లో 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం ఉండని బల్ల ఉండదు. ఆ పుస్తకం తెరిచి చూడండి. కీర్తన పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి వంటి తొలితరం కవులు ఆ రాగతాళాల్లోనే రాశారు. అక్కడ చాపు అని ఉంటుంది. మన చేయి మాత్రం అలవాటుగా 4/4 స్టైల్ నొక్కుతుంది. కీబోర్డులో ముందే ఉండే స్టైళ్ళలో ఎక్కువ భాగం నాలుగు, మూడు, ఆరు లెక్కలవే. ఖండచాపుది ఐదు అక్షరాల నడక, తక తకిట. మిశ్రచాపుది ఏడు, తకిట తకధిమి. ఐదును నాలుగులో ఇరికిస్తే ఒక మాట మింగాలి, ఎనిమిదికి సాగదీస్తే మాట మధ్యలో తెగాలి. ముందు వరుసలో కూర్చున్న అవ్వలు చప్పట్లు ఆపేస్తారు. వాళ్ళకు కొత్త నచ్చలేదని మనం అనుకుంటాం. నిజానికి వాళ్ళ చేతులు తాళం తప్పలేదు, మనమే తప్పాం.

ఇక్కడ నొటేషన్ సాఫ్ట్‌వేర్ చేసే మేలు చాలా పెద్దది. మ్యూజ్‌స్కోర్‌లో టైమ్ సిగ్నేచర్ 5/8 పెట్టండి. పాట ఒక వరుసలో రాయండి. కింద ఒక డ్రమ్ వరుస వేసి మొదటి అక్షరం మీద కిక్, మూడో అక్షరం మీద స్నేర్ పెట్టండి. అంతే, ఖండచాపు నడక సిద్ధం. ఒక బార్ రాసి మిగతా పాటంతా కాపీ చేసుకోవచ్చు. మీ కీబోర్డులో లేని స్టైల్‌ను పది నిమిషాల్లో మీరే తయారుచేసుకున్నారు. దాన్ని మిడీ ఫైలుగా సేవ్ చేస్తే ఫైళ్ళు చదివే కీబోర్డుల్లో వాయించుకోవచ్చు. ఆదివారం ఉదయం ఆ అవ్వల చప్పట్లు మళ్ళీ మొదలైన క్షణం నేను చూశాను. అలాంటి క్షణం కోసం పది రాత్రులు కూర్చున్నా నష్టం లేదు.

రెంటి మధ్య వంతెన

1983లో అమెరికాలో జరిగిన ఒక వాద్యాల ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డులను ఒక తీగతో కలిపి, ఒకదాన్ని నొక్కితే రెండోది మోగేలా చేశారు. ఆ రెండూ మాట్లాడుకున్న భాషే మిడీ. అందులో శబ్దం ఉండదు. ఏ మీట, ఎప్పుడు, ఎంత బలంగా, ఎంతసేపు అన్న సమాచారమే ఉంటుంది. అందుకే మీరు వాయించింది కాగితం మీద స్వరాలుగా కనిపించగలుగుతుంది, రాసింది వాద్యంగా మోగగలుగుతుంది. మీట అంకె 61 అనే మిడీ చెబుతుంది. అది సి షార్పా, డి ఫ్లాటా అన్నది చెప్పదు, ఆ తేడా మీరు దిద్దుకోవాలి. గమకం కూడా అందులో సరిగా ఇమడదు. అస్థిపంజరం రాసుకుని, ఊపు ఉన్నచోట దీక్షితులవారిలా మీదైన ఓ గుర్తు పెట్టుకోండి.

ఒక జాగ్రత్త. చాలామంది నేరుగా కీబోర్డు వాయించి ఆ మిడీ ఫైలును మ్యూజ్‌స్కోర్‌లో తెరుస్తారు. తెరవగానే గీతల మీద చీమలు పాకినట్టు కనిపిస్తుంది. మనిషి వేలు గడియారంలా పడదు. కొంచెం ముందో, కొంచెం వెనకో పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ తేడాలన్నిటినీ నమ్మకంగా రాసేస్తుంది. దాన్ని చూసి భయపడి "ఇది మనకు కాదు" అనుకునేవాళ్ళే ఎక్కువ. ఆ దారిన వెళ్ళకండి. మొదటి పాటలు చేత్తోనే, ఒక్కొక్క స్వరంగా పెట్టండి. కంప్యూటర్ మీద ఎన్ నొక్కి, 5 నొక్కితే ఒక మాత్ర స్వరం, 4 నొక్కితే అరమాత్ర. కింద సాహిత్యం తెలుగులోనే టైప్ చేయవచ్చు, రెండో వరుసలో సరిగమలు రాయవచ్చు. స్టాఫ్ గీతలు రాని మిత్రులు ఆ రెండో వరుస చదువుకుని వాయిస్తారు. మ్యూజ్‌స్కోర్‌లో రాయాలంటే కంప్యూటర్ ఉండాలి, ఫోన్లో ఉండే మ్యూజ్‌స్కోర్ యాప్ చూడ్డానికీ వినడానికీ మాత్రమే. కంప్యూటర్ లేదా? రూళ్ళ నోట్‌బుక్ చాలు. నేను అక్కడే మొదలుపెట్టాను.

వారానికి ఒక్క పాట తీసుకోండి. అంతకు మించి వద్దు. పల్లవి ఎనిమిది బార్లు అనుకుంటే సోమ, మంగళవారాల్లో రాయండి. కీబోర్డు ముట్టకుండా, నోటితో పాడుకుంటూ రాయండి. బుధవారం రాసిందాన్ని సాఫ్ట్‌వేర్ చేత వాయించుకుని వినండి. మీ చెవిలో ఉన్నదానికీ, అది పలికినదానికీ తేడా వచ్చిన ప్రతిచోటా ఆగండి. ఆ తేడా దగ్గరే మీకు తెలియనిది దాక్కుని ఉంది. రెండు రోజులు దిద్దండి. శనివారం కార్డ్‌లు పెట్టండి, ప్రతి కార్డ్‌లోని మూడు స్వరాలూ ఆ రాగానివేనా అని చూసుకోండి. అప్పుడు, అప్పుడు మాత్రమే, స్టైల్ మీట నొక్కండి. వేగం తగ్గించి మొదలుపెట్టండి. నిలబడ్డాక పక్కవాద్యాలను ఒక్కొక్కటిగా ఆపుతూ రండి. ముందు స్ట్రింగ్స్, తర్వాత గిటార్, తర్వాత బేస్, చివరికి డ్రమ్స్. ఏమీ లేకుండా మీరూ, మీ శ్రుతీ మిగిలినప్పుడు కూడా పాట అదే వేగంతో, అదే స్వరంతో నడిస్తే ఆ పాట మీది.

ఒంటరిగా సాధన చేసే పల్లెటూరి పిల్లలకు ఆటో అకంపనిమెంట్ ఎంత గొప్ప వరమో నాకు తెలుసు. త్రిపురారంలో ఓ ఇంట్లో రాత్రి తొమ్మిదికి మృదంగం వాయించేవారిని ఎక్కడ వెతుకుతాం? ఫోన్లో తాళం పెట్టుకుని గంట పాడుకునే అమ్మాయిని ఆపమని చెప్పే హక్కు నాకు లేదు. అదే లేకపోతే ఆమె సంగీతం ఆ ఇంటి గడప దగ్గరే ఆగిపోయేది. నేను అడుగుతున్నది వరుస మార్చమని మాత్రమే.

సాఫ్ట్‌వేర్ ఆగినా నిలిచేది

నొటేషన్ సాఫ్ట్‌వేర్లలో 'ఫినాలే' పెద్ద పేరు. 1988 నుంచి ప్రపంచమంతా వాడింది. 2024 ఆగస్టులో దాన్ని తయారుచేసే కంపెనీ ఇక అభివృద్ధి చేయబోమని ప్రకటించింది. దశాబ్దాల పాటు ఆ ఒక్క ఫార్మాట్‌లోనే రాసుకున్న స్వరకర్తలు ఎంత కంగారుపడి ఉంటారో ఊహించుకోండి. మీరు రాసిన ప్రతి పాటనూ మూడు చోట్ల దాచండి. సాఫ్ట్‌వేర్ సొంత ఫైలు ఒకటి. చాలా నొటేషన్ ప్రోగ్రాములు చదవగల మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ ఒకటి, ఇందులో మిడీలో సరిగా నిలవని కార్డ్ పేర్లు, సాహిత్యం, బార్ల అమరిక కూడా ఉంటాయి. మూడోది కాగితం మీద ప్రింటు. ప్రింటు తప్పనిసరి. రిసెప్షన్ మధ్యలో కరెంటు పోయినా, ల్యాప్‌టాప్ మొరాయించినా కాగితం పలుకుతుంది.

కాగితం ఇంకో పని కూడా చేస్తుంది. మనుషుల్ని దగ్గర చేస్తుంది. ఆ రిసెప్షన్ తర్వాత రెండు నెలలకు క్లారినెట్ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆయనది బి ఫ్లాట్ క్లారినెట్. ఆయన సి అని ఊదితే నా కీబోర్డు మీద బి ఫ్లాట్ పలుకుతుంది. ఇన్నేళ్ళూ ఆ లెక్కంతా ఆయన ఒక్కరే మనసులో మోశారు, మేం ఎవరం అడగలేదు. మ్యూజ్‌స్కోర్‌లో వాద్యం పేరు క్లారినెట్ అని ఎంచుకుంటే ఆయన చదవాల్సిన స్వరం అదే సరిచేసి చూపిస్తుంది. బిట్లన్నీ రెండు శ్రుతిలో ఒక ప్రతి, ఒకటి శ్రుతిలో ఒక ప్రతి, కింద తెలుగులో సరిగమలు. అలా తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. రెండోచోట నేను రాసిన ఒక స్వరం కింద పెన్సిల్‌తో గీత గీశారు. "ఇక్కడ నువ్వు నిషాదం రాసినవ్, నేను ఎప్పుడూ ధైవతం మీంచి జారి వస్త" అన్నారు. నేను కీబోర్డులో ఏళ్ళుగా నిషాదమే వాయిస్తున్నాను. ఆయన పక్కనే కూర్చుని ఏళ్ళుగా ధైవతం మీంచి జారుతున్నారు. ఇద్దరం ఒకరినొకరం వినలేదు. కాగితం మీద పడ్డాకే మా ఇద్దరి మధ్య మాట మొదలైంది.

తప్పు దిద్దించుకోవడానికి సిగ్గుపడకండి. రాసినవాడి తప్పు కనబడుతుంది, దిద్దవచ్చు. రాయనివాడి తప్పు గాలిలో కలిసిపోతుంది, మళ్ళీ రేపు అదే వస్తుంది.

ఏ స్టైల్లోనూ లేనివి

సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్ళకోసారి లింగమంతుల జాతర జరుగుతుంది. పెద్దగట్టు అంటాం. ఆ రాత్రుల్లో భేరీల మోత విన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మా డప్పుకు సందర్భానికో దెబ్బ ఉంటుంది. పెళ్ళి ఊరేగింపుకు ఒకటి, జాతరకు ఒకటి, చావుకు ఇంకొకటి. దూరం నుంచి ఆ దెబ్బ విని ఊళ్ళో ఏం జరుగుతోందో చెప్పేస్తారు. ఏ విదేశీ సాఫ్ట్‌వేర్ మెనూలోనూ ఇవి నాకు కనిపించలేదు. కనిపించే రోజు కోసం ఎదురుచూడకండి. మీ ఊళ్ళో డప్పు కొట్టే పెద్దమనిషి దగ్గర కూర్చుని, ఆయన అనుమతితో, ఆయన పేరు పైన రాసి, ఒక్క దెబ్బ అయినా నొటేషన్‌లో పెట్టండి. ఎడమచేతి పుల్లకు ఒక వరుస, కుడిచేతి సిర్రకు ఒక వరుస. మొదటిరోజు సగమే వస్తుంది, ఫరవాలేదు.

పాటల సంగతీ అంతే. తెలంగాణ సాయుధ పోరాటంలో బండి యాదగిరి కట్టిన పాట 'మా భూమి' సినిమాలో గద్దర్ గొంతుతో ఊరూరికీ చేరింది. అదృష్టవశాత్తూ అది చేరింది. ఆ కాలంలో రావి చెట్ల కింద పాడిన ఇంకెన్ని పాటల మాటలు మిగిలి, వరసలు పోయాయో. వరస పోతే పాటలో సగం పోయినట్టే.

అందుకే పోయిన వానకాలం నాట్ల సమయంలో మా అమ్మను కూర్చోబెట్టి నాటు పాట ఒకటి పాడించుకున్నాను. ఫోన్లో రికార్డు చేసి ఇంటికొచ్చి మ్యూజ్‌స్కోర్ తెరిచాను. 6/8 పెట్టాను, తిశ్ర నడకలా అనిపించింది. మూడో బార్‌కే తప్పింది. ఒక వాక్యం ఆరుకు సరిపోయింది, తర్వాతది ఏడు, ఆ తర్వాత మళ్ళీ ఆరు. స్టైల్ పెట్టి అమ్మను దానితో పాడమన్నాను. రెండు వాక్యాలు పాడి ఆగిపోయింది. "అది నన్ను తోస్తున్నది బిడ్డా" అంది. ఆపేశాను. మళ్ళీ ఉత్తగా పాడింది. బార్ గీత ఎక్కడ గీయాలో తెలియక ఆమెనే అడిగాను. "నాటేసి ఎనకకు అడుగు ఏసినప్పుడల్లా గీసుకో" అంది.

ఇప్పుడు ఆ పాట నా దగ్గర పద్నాలుగు బార్లుగా ఉంది. కొన్ని ఆరువి, కొన్ని ఏడువి. కార్డ్‌లు పెట్టలేదు. కింద షడ్జం ఒక్కటే ఉంచాను. రెండో చరణం ఇంకా రాయాలి, అమ్మకు గుర్తున్నంతవరకు.